31 ప్రాప్స్ ఉన్న కార్డ్ కాంపొనెంట్‌ని ఇప్పుడు ఏం చెయ్యాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. కాలేజీ మేనేజ్‌మెంట్ పోర్టల్, రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కడుతున్నారు, స్టూడెంట్ లిస్టు, ఫీజు బకాయిలు, హాస్టల్ రూములు, బస్ రూట్లు, నోటీసులు అన్నీ చూడ్డానికి ఒకే రకం డబ్బాల్లా ఉన్నాయి కాబట్టి అన్నిటికీ కలిపి ఇన్ఫోకార్డ్ అని ఒకటే కాంపొనెంట్, అంటే పేజీల్లో మళ్ళీ మళ్ళీ వాడుకునే ముక్క, రాశావు. ఎనిమిది నెలల్లో దానికి 31 ప్రాప్స్, అంటే బయటినుంచి పంపే విలువలు, అయ్యాయి. ఇప్పుడు ఫీజు పేజీలో వాయిదాలు చూపించమన్నారు, ఆ మార్పు చేస్తే హాస్టల్ పేజీ చెడిపోతోంది, టీమ్‌లో ఎవరూ ఆ ఫైల్ ముట్టుకోడానికి ఒప్పుకోవట్లేదు, లీడ్ ఏమో రీయూజబుల్‌గా రాయమంటే ఇదేంటి అంటున్నారు. మొత్తం తీసేసి మళ్ళీ రాయాలా, ఇంకో ప్రాప్ పెట్టి ఈ రిలీజ్ గట్టెక్కాలా అన్నది నీ ప్రశ్న. పోర్టల్ తెలుగులో కూడా ఉండాలన్నావు, రెడీమేడ్ లైబ్రరీ వాడొచ్చా అని కూడా అడిగావు.

మొత్తం తీసేసి రాయొద్దు, ఇంకో ప్రాప్ కూడా పెట్టొద్దు. ముందు అసలు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం, అది అర్థమైతే మిగతా పని నీ అంతట నువ్వే చేసుకోగలవు.

నువ్వు చూసింది ఏంటంటే, ఫీజు డబ్బా, హాస్టల్ డబ్బా, నోటీసు డబ్బా మూడిటికీ బోర్డర్ ఉంది, పైన ఒక పేరు ఉంది, కింద రెండు లైన్లు, ఒక బటన్. కాబట్టి మూడూ ఒకటే అనుకున్నావు. నేను కాంపొనెంట్ రాసేముందు వేసుకునే ప్రశ్న వేరు. రేపు ఇది మార్చమని ఎవరు వచ్చి అడుగుతారు? ఫీజు డబ్బా మార్చమని అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు అడుగుతారు. హాస్టల్ డబ్బా మార్చమని వార్డెన్ అడుగుతారు. నోటీసు డబ్బా మార్చమని ప్రిన్సిపాల్ ఆఫీస్ నుంచి ఫోన్ వస్తుంది. ముగ్గురు వేరు వేరు మనుషులు, వేరు వేరు కారణాలతో, ఒకరికి తెలీకుండా ఒకరు ఒకే ఫైల్‌ని లాగుతున్నారు. చెడిపోక ఏమవుతుంది? అదే డబ్బా చుట్టూ ఉన్న బోర్డర్ సంగతి చూడు, మూల గుండ్రంగా ఉండాలా, నీడ ఎంత ఉండాలి, ఇది మార్చమని అడిగేది డిజైనర్ ఒక్కరే, అడిగితే అన్ని పేజీల్లోనూ ఒకేసారి మారాలంటారు. అంటే నిజంగా ఉమ్మడిగా ఉన్నది ఆ డబ్బా అంచు మాత్రమే, లోపల ఉన్నది కాదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. 2011లో నేను మొదలుపెట్టినప్పుడు హెడర్, ఫుటర్ విడి పీహెచ్‌పీ ఫైళ్ళుగా పెట్టి ప్రతి పేజీలో ఇన్‌క్లూడ్ చేసేవాళ్ళం, మాకు తెలిసిన రీయూజ్ అంతే, మిగతాదంతా జేక్వెరీ. 2013 మేలో రియాక్ట్ బయటికి వచ్చినప్పుడు జావాస్క్రిప్ట్ లోపల హెచ్‌టీఎంఎల్ రాయడమేంటని చాలామంది మొహం చిట్లించారు. కానీ ఒక బటన్ ఎలా కనపడాలి, నొక్కితే ఏం జరగాలి అన్నది ఒకే చోట ఉండటం ఎంత హాయో వాడాక తెలిసింది. ఆ హాయి అలవాటయ్యాక అందరం నీలాగే ప్రతిదాన్నీ కాంపొనెంట్ చేశాం. 2017లో నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక టేబుల్ కాంపొనెంట్ ఉండేది, 900 లైన్లు. దాన్ని ఎవరూ ఒక్కరోజులో అలా రాయలేదు, ప్రతి వారం ఎవరో ఒకరు అవును కాదు అని చెప్పే ప్రాప్ ఒకటి, 'ఒక్క ఫ్లాగే కదా' అని పెట్టుకుంటూ పోయారు, అందులో నేను పెట్టినవి కూడా ఉన్నాయి. తర్వాత ఆ టేబుల్‌ని పేజీల వారీగా విడగొట్టే పని నాకే వచ్చింది. విడగొట్టాక వాటిలో అన్నిటికన్నా పెద్దది 140 లైన్లు వచ్చింది. మిగతా కోడ్ అంతా ఎవరి కేసు ఎవరిదో తేల్చుకోడానికి రాసిన ఇఫ్ షరతులే.

నీ దగ్గర కూడా లెక్క వేసి చూడు. అవును కాదు అనే ప్రాప్స్ ఐదు ఉంటే 32 రకాల కాంబినేషన్లు, పది ఉంటే 1024. వాటిలో నిజంగా వాడేవి ఆరో ఏడో ఉంటాయి, మిగతావి ఎవరూ టెస్ట్ చెయ్యలేదు, కానీ కోడ్‌లో మాత్రం కుదురుతాయి. కాంపాక్ట్ అనేది ట్రూ, హాస్టల్‌మోడ్ ట్రూ, బకాయి కూడా ట్రూ అయితే ఏం కనపడాలి? నీకూ తెలీదు, ఎందుకంటే అలాంటి డబ్బా ఈ లోకంలో లేదు.

సరే, ఎలా విడగొట్టాలి. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే వేరే బ్రాంచ్ (కోడ్‌కి విడి కాపీ) తీసుకుని ఆర్నెల్లు కూర్చుని కొత్త కార్డ్ డిజైన్ చేస్తారు, ఈలోగా మెయిన్ బ్రాంచ్ ఎక్కడికో వెళ్ళిపోతుంది, మెర్జ్ అవ్వదు. నువ్వు ఇలా చెయ్యి. ఇన్ఫోకార్డ్ వాడే ప్రతి పేజీకి ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, మొబైల్ సైజ్‌లో ఒకటి, కంప్యూటర్ సైజ్‌లో ఒకటి. ప్లేరైట్ లాంటి టూల్‌తో ఆటోమేటిక్‌గా తీయిస్తే ఇంకా మంచిది, లేకపోతే చేత్తో తీసినా పర్లేదు. తర్వాత ఫీజు పేజీ ఒక్కటే పట్టుకో. ఇన్ఫోకార్డ్ ఫైల్ మొత్తం కాపీ చేసి ఫీజు ఫోల్డర్‌లో ఫీజుకార్డ్ అని పేస్ట్ చెయ్యి. అవును, కాపీ పేస్టే చెయ్యమంటున్నా, కంగారు పడకు. ఇప్పుడు ఫీజు పేజీ ఏ ప్రాప్స్‌కి ఏ విలువలు పంపుతోందో చూసి, ఎప్పుడూ ఒకే విలువ వెళ్ళే ప్రాప్స్ అన్నిటినీ ఆ విలువతోనే ఫైల్‌లో నింపెయ్. హాస్టల్‌మోడ్ ఎప్పుడూ ఫాల్స్ అయితే ఆ ఇఫ్ లోపలున్నది మొత్తం చచ్చిన కోడ్, తీసెయ్. అలా తీసుకుంటూ పోతే చివరికి చేతిలో మిగిలేది ఒక చిన్న ఫైల్, పైనుంచి కిందికి చదివితే ఫీజు డబ్బా ఎలా ఉంటుందో అలాగే కనపడుతుంది. వాయిదాల పని అందులో చేస్తే ఒక పూట పడుతుంది. హాస్టల్‌కి దీంతో సంబంధమే ఉండదు.

ఇలా రెండు మూడు పేజీలు అయ్యాక వాటిని పక్కపక్కన తెరిచి చూడు. అప్పుడు అసలైన ఉమ్మడి ముక్కలు వాటంతటవే కనపడతాయి. చుట్టూ ఉన్న డబ్బా ఒకటి, రూపాయల్లో మొత్తం చూపించేది ఒకటి, 'చెల్లించారు', 'బకాయి' అని రంగుతో చూపించే బ్యాడ్జ్ ఒకటి, బహుశా ఫోటో లేనప్పుడు పేరులో మొదటి అక్షరం చూపించే గుండ్రటి బొమ్మ ఒకటి. వీటిని బయటికి తీసి చిన్న చిన్న కాంపొనెంట్లు చెయ్యి. నా లెక్క ఏంటంటే ఒకే ముక్క మూడోసారి రాయాల్సి వచ్చినప్పుడు కాంపొనెంట్ చెయ్యాలి, రెండోసారికి కాపీ పేస్ట్ చేసి ఊరుకోవాలి. రెండు ఉదాహరణలు చూసి ఏది మారుతుందో ఏది మారదో తేల్చడం కష్టం, మూడోది చూస్తే తెలిసిపోతుంది. కాపీ ఉన్న కోడ్‌ని తర్వాత కలపడం ఒక మధ్యాహ్నం పని, తప్పుగా కలిపేసిన దాన్ని విడదీయడం ఎంత పనో ఇప్పుడు నువ్వు చూస్తూనే ఉన్నావు.

డబ్బా కాంపొనెంట్ రాసేటప్పుడు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకో, అది టైటిల్ అడగకూడదు, ఫోటో అడగకూడదు, బటన్ టెక్స్ట్ అడగకూడదు. చిల్డ్రన్, అంటే లోపల పెట్టమని ఇచ్చేది, మాత్రం తీసుకోవాలి. లోపల ఏం పెట్టాలో వాడేవాళ్ళ ఇష్టం. నీ ఇన్ఫోకార్డ్‌లో లోపల ఏముండాలో కార్డే నిర్ణయిస్తోంది, బయట ఉన్న పేజీ ఏమో ఇది చూపించు, అది దాచు, దీని రంగు మార్చు అని 31 రకాలుగా బతిమాలుకుంటోంది. అదే కార్డ్ అనే ఖాళీ డబ్బా, దానికి కార్డ్‌హెడర్, కార్డ్‌ఫుటర్ అని రెండు ముక్కలు ఇచ్చేస్తే ఫీజు పేజీ తనకి కావాల్సినవి అందులో సర్దుకుంటుంది. మన ఇళ్ళల్లో పోపుల డబ్బా చూడు, ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి ఏ గిన్నెలో అవి ఉంటాయి, అందుకే అదే డబ్బాతో పప్పుకి పోపు వేస్తాం, పులిహోరకీ వేస్తాం. అన్నీ కలిపేసి ఒకే సీసాలో పోస్తే ప్రతి కూరకీ కూర్చుని ఏరుకోవాలి. నీ 31 ప్రాప్స్ చేస్తున్నది ఆ ఏరడమే.

ఫోల్డర్లు కూడా దీన్ని బట్టే పెట్టుకో. కాలేజీ అంటే ఏంటో తెలియని కాంపొనెంట్లు ఒక చోట, బటన్, కార్డ్, ఫీల్డ్, డైలాగ్, బ్యాడ్జ్ లాంటివి. స్టూడెంట్ అంటే తెలిసినవి, ఫీజు అంటే తెలిసినవి వాటి వాటి ఫోల్డర్లలో. ఫీజు ఫోల్డర్ బటన్‌ని ఇంపోర్ట్ చేసుకోవచ్చు, బటన్ మాత్రం ఎప్పటికీ ఫీజు ఫోల్డర్ నుంచి ఏదీ ఇంపోర్ట్ చెయ్యకూడదు. బ్యాడ్జ్ కాంపొనెంట్ లోపల 'హాస్టల్' అన్న మాట కనపడిందంటే కోడ్ రివ్యూలో అక్కడే ఆపెయ్యి. ఈ ఒక్క రూల్ పాటిస్తే సగం గొడవ ఉండదు.

ఇక స్టేట్ సంగతి, అంటే కాంపొనెంట్ తన దగ్గర గుర్తుంచుకునే విలువలు. కాంపొనెంట్లు విడగొట్టినప్పుడు ఎక్కువ బగ్స్ వచ్చేది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. నేను కళ్ళారా చూసిన ఒక బగ్ చెప్తాను, ఒక ఆఫీసులో స్టూడెంట్ వివరాలు ఎడిట్ చేసే ఫారం, ఎడమ వైపు లిస్టు, పేరు నొక్కితే కుడి వైపు ఫారంలో వివరాలు వస్తాయి. ఫారం కాంపొనెంట్ స్టూడెంట్‌ని ప్రాప్‌గా తీసుకుని దాన్ని యూజ్‌స్టేట్‌లో (స్టేట్ దాచుకునే రియాక్ట్ ఫంక్షన్) మొదటి విలువగా పెట్టుకుంది. మొదటి స్టూడెంట్‌ని నొక్కితే బాగానే వచ్చింది. రెండో స్టూడెంట్‌ని నొక్కితే పైన పేరు మారింది కానీ ఫారం లోపల ఫోన్ నంబర్ మొదటి అబ్బాయిదే ఉండిపోయింది, ఎందుకంటే యూజ్‌స్టేట్‌కి ఇచ్చే మొదటి విలువని రియాక్ట్ ఒక్కసారే చూస్తుంది, తర్వాత ప్రాప్ మారినా పట్టించుకోదు. క్లర్క్ గమనించకుండా సేవ్ కొట్టారు. అలా చాలామంది పిల్లల ఫోన్ నంబర్లు ఒకరివి ఒకరికి వెళ్ళిపోయాయి, గైర్హాజరు మెసేజ్ వేరే వాళ్ళ నాన్నకి వెళ్ళాకగానీ ఎవరికీ తెలీలేదు. చాలామంది దీనికి యూజ్‌ఎఫెక్ట్ (స్క్రీన్ మీదికి వచ్చాక నడిచే రియాక్ట్ ఫంక్షన్) పెట్టి ప్రాప్ మారినప్పుడల్లా స్టేట్ మారుస్తారు, అది ఇంకో రకం గొడవ, ఒకసారి పాత విలువతో రెండర్ అయ్యి (స్క్రీన్ మీదికి వచ్చి) మళ్ళీ కొత్తదానితో అవుతుంది, మధ్యలో టైప్ చేసింది పోతుంది. సరైన పని చాలా చిన్నది, ఆ ఫారంకి కీ (రియాక్ట్ గుర్తుపట్టడానికి ఇచ్చే గుర్తు) ప్రాప్‌గా స్టూడెంట్ ఐడీ ఇవ్వాలి. ఐడీ మారగానే రియాక్ట్ పాత ఫారం తీసేసి కొత్తది పెడుతుంది, స్టేట్ మొత్తం మొదటి నుంచి మొదలవుతుంది.

కీ గురించి ఇంకోటి. వాయిదాల లిస్టులో ప్రతి వరసకీ మ్యాప్ ఇచ్చే ఇండెక్స్‌ని, అంటే వరస నంబర్‌ని, కీగా పెట్టొద్దు. మధ్యలో వరస డిలీట్ చేస్తే కింది వరసలన్నీ ఒక నంబర్ పైకి జరుగుతాయి, రియాక్ట్ మాత్రం చివరి వరస పోయిందనుకుంటుంది, అప్పుడు ఇన్‌పుట్ బాక్సులో టైప్ చేసింది పక్క వాయిదాకి అంటుకుపోతుంది. డబ్బుల దగ్గర ఇలాంటిది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. వాయిదాకి డేటాబేస్‌లో ఐడీ ఉంటుంది కదా, అదే వాడు. ఇంకా సేవ్ కాని కొత్త వరస అయితే బటన్ నొక్కినప్పుడే ఒక ఐడీ తయారు చేసి ఇచ్చెయ్.

మరి ఏ స్టేట్ లోపల ఉంచాలి, ఏది బయట ఉంచాలి అంటే, డ్రాప్‌డౌన్ తెరిచి ఉందా మూసి ఉందా అన్నది ఎవరికీ అక్కర్లేదు, అది లోపలే ఉంచు. ఏ బ్రాంచ్ సెలెక్ట్ చేశారు, ఏ సంవత్సరం అన్నది పేజీకి కావాలి, అది బయటినుంచి విలువగా ఇచ్చి, మారినప్పుడు చెప్పడానికి ఒక ఫంక్షన్ తీసుకో. రెండు చోట్లా కాపీ పెట్టుకోవద్దు. లెక్క కట్టి తెచ్చుకోగలిగినదాన్ని స్టేట్‌లో అసలు పెట్టొద్దు, మొత్తం ఫీజు, కట్టింది తెలిస్తే బకాయి తీసివేతే కదా, దానికి ఇంకో యూజ్‌స్టేట్ ఎందుకు.

ఫీజుకార్డ్ ఫంక్షన్ లోపల ఇంకో కాంపొనెంట్ ఫంక్షన్ రాయకు. ప్రతి రెండర్‌కీ అది కొత్త ఫంక్షన్ అవుతుంది, రియాక్ట్ దాన్ని కొత్త కాంపొనెంట్ అనుకుని పాతది పీకేసి మళ్ళీ పెడుతుంది, ఇన్‌పుట్‌లో ఒక అక్షరం కొట్టగానే కర్సర్ పోతుంది. విడగొట్టే తొందరలో అందరూ ఇదే చేస్తారు, తర్వాత రెండు రోజులు ఎందుకో తెలీక కొట్టుకుంటారు.

కనపడే తీరు వేరు, చేసే పని ఒకటే అయిన సందర్భాలు కూడా వస్తాయి. స్టూడెంట్ లిస్టులో వెతకడం, పేజీలు తిప్పడం ఉంది, బస్ రూట్లలోనూ ఉంది, కానీ రెండూ చూడ్డానికి వేరు. అప్పుడు కాంపొనెంట్ కాదు, కస్టమ్ హుక్, అంటే పని చేసి ఏమీ చూపించని సొంత ఫంక్షన్, రాయి. 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌లో హుక్స్ రాకముందు దీనికోసం కాంపొనెంట్‌ని ఇంకో కాంపొనెంట్‌తో చుట్టి, దాన్ని మళ్ళీ ఇంకోదాంతో చుట్టి నానా పాట్లు పడేవాళ్ళం, నీకు ఆ బాధ లేదు.

చిన్న కాంపొనెంట్లు ఎలా రాయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే నిజంగా పోర్టల్ అంతా వాడేవి ఇవే. బటన్ రాస్తే డివ్‌కి (మామూలు డబ్బా ట్యాగ్) ఆన్‌క్లిక్ పెట్టి రాయకు, అసలైన బటన్ ట్యాగ్ వాడు. డివ్‌ని కీబోర్డ్‌తో పట్టుకోలేం, స్క్రీన్ రీడర్ వాడే చూపు లేని స్టూడెంట్‌కి అది బటన్ అనే తెలీదు. ఇంకోటి, ఫారం లోపల ఉన్న బటన్‌కి టైప్ ఇవ్వకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ కింద లెక్కేస్తుంది, 'వెనక్కి' అని పెట్టిన బటన్ నొక్కితే ఫారం సబ్మిట్ అయిపోతుంది. అందుకే నీ బటన్ కాంపొనెంట్‌లో టైప్ ఇవ్వకపోతే మామూలు బటన్ అని నువ్వే పెట్టెయ్, సబ్మిట్ కావాలన్నవాళ్ళు అడిగి తీసుకుంటారు. ప్రైమరీ, డేంజర్, ఘోస్ట్ అని మూడు విడి ఫ్లాగులు వద్దు, వేరియంట్ అని ఒకే ప్రాప్ పెట్టి మూడిటిలో ఒకటి ఎంచుకోమను, టైప్‌స్క్రిప్ట్ వాడుతున్నారు కాబట్టి తప్పు పేరు రాస్తే ఎడిటర్‌లోనే ఎర్రగీత పడుతుంది. నొక్కే చోటు కనీసం 24 పిక్సెల్స్ పొడవు, 24 వెడల్పు ఉండాలని 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూక్యాగ్ 2.2 (వెబ్ అందరికీ అందేలా ఉండాలనే మార్గదర్శకాలు) చెప్తోంది, ఫోన్లో వాడే పేరెంట్స్ ఎక్కువ కాబట్టి నేనైతే 44 పెడతా.

కాంపొనెంట్‌కి బయట మార్జిన్ లోపలినుంచి ఇవ్వొద్దు. కార్డ్ కింద 16 పిక్సెల్స్ అని కార్డ్‌లోనే రాస్తే ఒక పేజీలో బాగుంటుంది, ఇంకో పేజీలో తీసెయ్యమంటారు, మళ్ళీ నోమార్జిన్ అని ఒక ప్రాప్ పుడుతుంది. నీ 31లో అలాంటివి కనీసం రెండు ఉంటాయని నా అనుమానం. పక్కన ఎంత ఖాళీ ఉండాలో పేజీకి తెలుసు, ఫ్లెక్స్ గానీ గ్రిడ్ గానీ పెట్టి గ్యాప్ ఇస్తే సరిపోతుంది. అలాగే కార్డ్ ఇరుకు చోట ఒకలా, వెడల్పు చోట ఒకలా కనపడటానికి కాంపాక్ట్ ప్రాప్ పెట్టావు కదా, అది కూడా అక్కర్లేదు, కంటైనర్ క్వెరీలు 2023 నుంచి అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉన్నాయి, తను కూర్చున్న చోటు ఎంత వెడల్పుందో చూసుకుని కార్డే సర్దుకుంటుంది.

ఫీల్డ్ కాంపొనెంట్‌లో లేబుల్, ఇన్‌పుట్, తప్పు మెసేజ్ మూడూ కలిపి పెట్టు, ఇవి ఎప్పుడూ కలిసే మారతాయి కాబట్టి కలిసే ఉండాలి. లేబుల్‌కీ ఇన్‌పుట్‌కీ ముడి వెయ్యడానికి ఐడీ కావాలి, రియాక్ట్ 18 నుంచి యూజ్‌ఐడీ అని హుక్ ఉంది, అది వాడు. చేత్తో ఐడీలు రాస్తే ఒకే పేజీలో రెండు ఫారంలు వచ్చినప్పుడు ఒక లేబుల్ నొక్కితే ఇంకో ఫారంలో కర్సర్ పడుతుంది.

తెలుగు గురించి నువ్వు ఒక్క లైనే అడిగావు కానీ నాకు దీనిమీద చాలా పట్టింపు. ఇంగ్లీష్‌లో చూసి కట్టిన కాంపొనెంట్ తెలుగులో చాలా చోట్ల దెబ్బతింటుంది, అది తర్వాత అతుకులేసే పని కాదు, కాంపొనెంట్ లోపలే ఒకసారి సరిగ్గా చేస్తే పోర్టల్ మొత్తం బాగుపడుతుంది. బటన్‌కి లైన్ హైట్ (లైన్ ఎత్తు) 1 పెట్టి, ఎత్తు 32 పిక్సెల్స్ అని కట్టేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి పొంగింది దాచెయ్యి అని) పెడితే 'విద్యార్థి'లో థ ఒత్తు కింద కోసుకుపోతుంది, 'క్షేత్రం' పైనా కిందా రెండు వైపులా తెగుతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు రెండూ ఉంటాయి, లైన్ హైట్ 1.5 కన్నా తగ్గించకు, ఎత్తు కట్టెయ్యకుండా ప్యాడింగ్ ఇవ్వు. వెడల్పు కూడా అంతే, 'సేవ్' పట్టిన బటన్‌లో 'భద్రపరచండి' పట్టదు. హెడ్డింగులు క్యాపిటల్స్‌లో పెట్టి తేడా చూపించే అలవాటు డిజైనర్లకి ఉంటుంది, మనకి క్యాపిటల్సే లేవు, తెలుగులో ఆ హెడ్డింగ్ మామూలు టెక్స్ట్‌లా కలిసిపోతుంది, సైజుతోనో బోల్డ్‌తోనో తేడా చూపించమను.

పేరు ఫీల్డ్‌కి మ్యాక్స్‌లెంగ్త్ (గరిష్ఠ పొడవు) 15 పెట్టారనుకో. 'సుబ్రహ్మణ్యేశ్వర' మన కంటికి ఆరు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో 16. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తుగా వచ్చే హల్లు ఇంకోటి, గుణింతం గుర్తు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. ఆ అబ్బాయి పేరు చివర తెగిపోతుంది, ఆ తెగిన పేరే హాల్ టికెట్ మీదికి వెళ్తుంది. ఇంకా ఆ గుండ్రటి బొమ్మలో పేరు మొదటి అక్షరం చూపిస్తారు కదా, స్ట్రింగ్‌లో సున్నా స్థానంలో ఉన్నది తీసుకుంటే 'శ్రీనివాస్'కి శ వస్తుంది, 'క్రాంతి'కి క వస్తుంది. రావాల్సింది శ్రీ, క్రాం. దీనికి ఇంటిల్ సెగ్మెంటర్ అని టెక్స్ట్‌ని అక్షరాలుగా విడదీసేది బ్రౌజర్‌లోనే ఉంది, 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా చేర్చాక ఇప్పుడు అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, ఒత్తుని ముందు హల్లుతో కలిపి ఒకే అక్షరంగా చూడాలన్న రూల్ యూనికోడ్‌లో 15.1 వెర్షన్‌లో, అంటే 2023లో చేరింది. దానికి ముందు బ్రౌజర్లలో 'శ్' అని పొల్లుతో ఆగిపోతుంది, అందుకని వచ్చిన ముక్క పొల్లుతో ముగిస్తే తర్వాతి ముక్క కూడా కలుపుకో అని రెండు లైన్లు రాసుకో. ఇదంతా ఆ గుండ్రటి బొమ్మ చూపించే ఒక్క అవతార్ కాంపొనెంట్ లోపల ఉంటుంది, వాడే పేజీలకి ఈ తలనొప్పి తెలియనే తెలియదు. అసలు రీయూజ్ వల్ల లాభం అంటే నాకు గుర్తొచ్చేది ఇలాంటివే.

రూపాయల కాంపొనెంట్ కూడా అలాంటిదే, కామాలు చేత్తో పెట్టే కోడ్ రాయకు, ఇంటిల్ నంబర్‌ఫార్మాట్‌కి తెలుగు ఇండియా లొకేల్ (భాష, దేశం సెట్టింగ్) ఇస్తే 1234567ని 12,34,567 అని మన లక్షల పద్ధతిలోనే చూపిస్తుంది. ప్రతిసారీ ఆ ఫార్మాటర్ తయారు చెయ్యకుండా ఫైల్ పైన ఒక్కసారి చేసి పెట్టుకో.

లైబ్రరీ విషయానికొస్తే, పోర్టల్ ఒక్కటే, టీమ్‌లో నలుగురే అన్నావు కాబట్టి అన్నీ సొంతంగా రాయొద్దు. డేట్ పిక్కర్, టైప్ చేస్తే వెతికిపెట్టే సెలెక్ట్ బాక్స్, మెనూ, ఈ మూడూ సొంతంగా రాయడం మొదలుపెడితే కీబోర్డ్, ఫోకస్, స్క్రీన్ రీడర్ ఇవన్నీ సరిచేసేసరికి సెమిస్టర్ అయిపోతుంది. రాడిక్స్ గానీ, అడోబీ వాళ్ళ రియాక్ట్ ఆరియా గానీ తీసుకో, ఇవి ప్రవర్తన ఇస్తాయి, కనపడే తీరు నీకే వదిలేస్తాయి. షాడ్‌సీఎన్ అయితే కోడ్‌ని నీ ప్రాజెక్ట్‌లోకే కాపీ చేసి ఇస్తుంది, తెలుగు లైన్ హైట్లు అవీ నువ్వే మార్చుకోవచ్చు, నీ పరిస్థితిలో నేనైతే అదే తీసుకుంటా. మెటీరియల్ యూఐ కూడా మంచిదే, కాకపోతే గూగుల్ మెటీరియల్ డిజైన్ తీరు నీ డిజైనర్‌కి నచ్చకపోతే ప్రతిదానికీ దాంతో పోరాడాలి. డైలాగ్‌కి (పేజీ మీద తెరుచుకునే చిన్న కిటికీ) మాత్రం లైబ్రరీ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లో డైలాగ్ ట్యాగ్ 2022 మార్చి నుంచి అన్నిటిలోనూ ఉంది, షోమోడల్ పిలిస్తే వెనకున్న పేజీని నొక్కనివ్వదు, ఎస్కేప్ కొడితే మూసుకుంటుంది. ఏది తీసుకున్నా పేజీల్లో నేరుగా ఇంపోర్ట్ చెయ్యకుండా మీ సొంత ఫోల్డర్‌లో చిన్న కాంపొనెంట్‌తో చుట్టి వాడండి, రేపు మార్చాల్సి వస్తే ఒక్క చోట మారిస్తే చాలు.

ప్రతి ఉమ్మడి కాంపొనెంట్ పైనా రెండు లైన్ల కామెంట్ రాయండి, ఎప్పుడు వాడాలో ఒకటి, ఎప్పుడు వాడకూడదో ఒకటి. రెండోదే ముఖ్యం. బ్రిటన్ ప్రభుత్వం వాళ్ళ గవ్ యూకే డిజైన్ సిస్టమ్ 2018 నుంచి అందరికీ తెరిచి ఉంది, అందులో కాంపొనెంట్ పేజీలు తెరిచి చూడు, ఎప్పుడు వాడకూడదో అని విడిగా రాసి ఉంటుంది. మీ ఇన్ఫోకార్డ్ మీద 'డబ్బు లెక్కలు ఇందులో పెట్టొద్దు' అని ఎవరైనా మొదట్లోనే రాసి ఉంటే ఇవాళ ఈ ప్రశ్న వచ్చేది కాదు.

మీ లీడ్‌కి చెప్పడానికి, రీయూజ్ మానేస్తున్నామని అనకు, తప్పు సైజులో చేశాం, సైజు తగ్గిస్తున్నాం అని చెప్పు. రిలీజ్‌కి ఫీజు పేజీ ఒక్కటే విడగొట్టి వాయిదాలు పెట్టి పంపించు, మిగతా పేజీలు ఇన్ఫోకార్డ్‌తోనే నడవనీ, వాటిలో ఎవరైనా మార్పు అడిగిన రోజే వాటి వంతు. ఇన్ఫోకార్డ్ ఫైల్ పైన మాత్రం ఇవాళే ఒక లైన్ పెట్టెయ్, ఇందులో కొత్త ప్రాప్ చేర్చకూడదు అని. నెలకోసారి ప్రాజెక్ట్ అంతా వెతికి దాన్ని ఇంకా ఎన్ని ఫైళ్ళు ఇంపోర్ట్ చేస్తున్నాయో చూసుకో, సున్నా వచ్చిన రోజు డిలీట్ చెయ్యి. ఫీజుకార్డ్ చేసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఆ 31 ప్రాప్స్ పేర్లు, ఏ పేజీ ఏవి పంపుతోందో ఇక్కడ పెట్టు, కూర్చుని చూద్దాం.